"రెండు జవాబులు వచ్చాయి టీచర్": సమాన గుర్తు దగ్గర ఆగిపోయిన ఒక విద్యార్థిని కేస్ స్టడీ

నేపథ్యం

వరంగల్‌కు బస్సులో గంట దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను గణితం చెబుతాను. ఇక్కడ రాస్తున్నది ఎనిమిదో తరగతి చదివిన ఒక అమ్మాయి గురించి. ఊరి పేరు, సంవత్సరం, కుటుంబం ఆనవాళ్లు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. అమ్మాయి తల్లికి విషయమంతా చెప్పి, ఆమె సరే అన్నాకే రాయడానికి కూర్చున్నాను.

సమీకరణాలు రావడం లేదని నేను అనుకున్న ఈ పిల్లకు నిజానికి రానిది సమీకరణం కాదు, సమాన గుర్తు. ఒకటో తరగతి నుంచి రోజూ గీస్తున్న ఆ రెండు చిన్న గీతలు తనకు ఏమని చెబుతున్నాయో ఏడేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు. ఆరో తరగతి నుంచి నా దగ్గరే చదువుతున్నా నేనూ అడగలేదు. అందుకే ఈ కేసు రాసి పెట్టడం అవసరం అనిపించింది.

వాళ్లది ఊళ్లో చిన్న కిరాణా కొట్టు. బడి వదిలాక అమ్మాయి చీకటి పడేదాకా కొట్లోనే ఉంటుంది. నోటి లెక్కల్లో మా తరగతిలో ఆమెకు సాటి లేదు. కిలో 48 రూపాయల బియ్యం రెండున్నర కిలోలు ఎంత అని అడుగుతుంటే నా మాట పూర్తయ్యేలోపే 120 అంటుంది. అలాంటి పిల్ల బీజగణితం మొదలయ్యేసరికి వెనక బెంచీకి వెళ్లి కూర్చుంది. నన్ను మొదట కలవరపెట్టింది ఆ బెంచీ మార్పే.

ఒక మాట ముందే చెప్పాలి. తెలియని రాశికి పాఠ్యపుస్తకంలో ఉండే ఇంగ్లిష్ అక్షరానికి బదులు ఇందులో "య" అని రాస్తాను. ఆ అక్షరమే ఎందుకో కేసు మధ్యలో తెలుస్తుంది.

సమస్య ఎలా బయటపడింది

ఏకచరరాశి రేఖీయ సమీకరణాల మీద, అంటే తెలియని రాశి ఒకటే ఉండే సమీకరణాల మీద, చిన్న పరీక్ష పెట్టాను. మొదటి లెక్కకు ఆమె ఇలా రాసింది:

3య + 5 = 20 − 5 = 15 ÷ 3 = 5

జవాబు 5 సరైనదే. మార్కులు కూడా వేశాను. కానీ ఆ వరుసను ఉన్నదున్నట్టు చదివితే 20, 15, 5 మూడూ సమానమని అర్థం. ఇలాంటి గొలుసులు మన పిల్లల నోటు పుస్తకాల నిండా కనిపిస్తాయి. జవాబు సరిపోయింది కదా అని దిద్దేవాళ్లం దాటిపోతాం. ఈ దాటిపోవడమే సమస్యను ఇంతకాలం దాచిపెట్టింది.

తర్వాతి లెక్కకు రెండు పక్కలా "య" ఉంది. అక్కడ దాపరికం సాగలేదు.

5య − 4 = 3య + 10
1య = 13య

దాని కింద ఏమీ లేదు. పిలిచి ఎందుకు వదిలేశావని అడిగాను. "రెండు జవాబులు వచ్చాయి టీచర్, ఏది రాయాలో తెలియలేదు" అంది.

దీన్ని విన్న ఏ గణితం టీచరైనా ముందుగా సజాతి పదాల (య ఉన్నవి ఒక జాతి, ఒట్టి సంఖ్యలు ఇంకో జాతి) దగ్గరికే వెళ్తారు. 5య నుంచి 4 తీసేసి 1య అని రాసింది కాబట్టి, సజాతి పదాలనే కలపాలని తెలియదని అనుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టేదాన్ని. కానీ "రెండు జవాబులు" అన్న మాట నన్ను వదల్లేదు. సమాన గుర్తుకు ఎడమ పక్కన ఒక జవాబు, కుడి పక్కన ఇంకో జవాబు ఉన్నాయంటే ఆ పిల్ల దృష్టిలో ఆ గుర్తు మధ్యలో ఏం చేస్తున్నట్టు? సజాతి పదాల తప్పు ఒక అధ్యాయానికి సంబంధించింది. ఇది అంతకంటే లోతుగా ఉండవచ్చని, ముందు దీన్నే పరీక్షించాలని నిర్ణయించుకున్నాను.

మర్నాడు చిన్న కాగితం మీద మూడు వరుసలు రాసి ఇచ్చాను. మొదటిది 7 + 6 = □ + 4. ఆమె డబ్బాలో 13 వేసింది. అంతటితో ఆగకుండా 4 పక్కన ఇంకో సమాన గుర్తు గీసి 17 అని రాసింది. రెండోది 13 = 7 + 6. ఇది సరైనదా అంటే "తిరగబడి ఉంది టీచర్" అంది. మూడోది 8 = 8. దాన్ని చాలాసేపు చూసి, "ఇందులో లెక్కే లేదు" అంది.

మూడు మాటలూ ఒకే విషయం చెబుతున్నాయి. సమాన గుర్తు ఆమెకు రెండు పక్కల మధ్య సంబంధం కాదు, ఒక ఆజ్ఞ. ఎడమ పక్కన ఉన్న పని చేయి, కుడి పక్కన ఫలితం రాయి అని చెప్పే ఆజ్ఞ.

ఈ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా మందు వేయకూడదనుకున్నాను. ఒక సాయంత్రం వాళ్ల కొట్టుకు వెళ్లాను. గల్లాపెట్టె మీద కాలిక్యులేటర్ ఉంది. మిగతా మీటల మీద అంకెలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. కింది వరుసలో ఉన్న సమాన మీట మీది గీతలు మాత్రం పూర్తిగా అరిగిపోయి, మీట నున్నగా మెరుస్తోంది. ఎవరికీ ఆ గీతలు చూడాల్సిన అవసరం లేదు. నొక్కితే ఫలితం వస్తుంది, అంతే. ఆ కొట్లో పెరిగిన పిల్లకు ఆ గుర్తు అర్థం అదే కావడంలో వింత లేదు.

కాలిక్యులేటర్‌నే తప్పుపట్టలేను. మన మాటలోనూ అదే ఉంది. "ఏడూ ఆరూ కలిపితే పదమూడు వస్తుంది" అంటాం. ఆ గుర్తును "వస్తుంది" అనే చదివిస్తాం. వస్తుంది అన్న మాటకు దిశ ఉంది, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు రావడం ఉంది. కాబట్టి 13 = 7 + 6 తిరగబడినట్టు కనిపించడం ఆ పిల్ల తప్పు కాదు. మనం నేర్పిన వాక్యాన్ని ఆమె నమ్మకంగా పాటిస్తోంది.

చేసి విఫలమైనవి

మొదట పక్షాంతరం నియమాన్నే గట్టిగా సాధన చేయించాను. అటు పక్కకు వెళ్తే కూడిక తీసివేత అవుతుంది, గుణకారం భాగహారం అవుతుంది. రెండు వారాలు రోజుకు ఐదేసి లెక్కలు. ఒక పక్కనే "య" ఉన్న లెక్కలన్నీ చేసేసింది. సంతోషించాను. ఆ తర్వాత 7 + 6 = □ + 4 మళ్లీ ఇస్తే మళ్లీ 13 వేసింది. నియమం చేతికి పట్టుబడింది కానీ గుర్తు అర్థం ఉన్నచోటే ఉంది. గుర్తు దాటితే సంఖ్య ఎందుకు మారాలో తెలియనప్పుడు పక్షాంతరం మంత్రంలాంటిదే.

రెండో ప్రయత్నం పాఠ్యపుస్తకంలో ఉన్న త్రాసు బొమ్మ. నేను చదువుకున్నప్పుడు ఏ కొట్టుకెళ్లినా తక్కెడే ఉండేది. ఒక పళ్లెంలో పడికట్టు రాళ్లు, ఇంకో పళ్లెంలో పప్పు. ఆ బొమ్మ చూడగానే నాకు సమానత్వం కళ్లకు కడుతుంది. కానీ ఈ అమ్మాయి కొట్లో ఉన్నది ఎలక్ట్రానిక్ కాంటా. దానికి ఒకటే పళ్లెం. సరుకు పెడితే ఎర్రటి అంకెల్లో బరువు చూపిస్తుంది. అంటే కాంటా కూడా ఆమెకు "జవాబు వస్తుంది" అనే చెబుతోంది. నా బాల్యంలోని వస్తువును ఆమె అనుభవమనుకున్నాను.

పైగా ఆమె అడిగిన ఒక ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. "5య − 4 అంటే నాలుగు తీసేయాలి కదా టీచర్, తీసేసిన బరువును పళ్లెంలో ఎక్కడ పెట్టాలి?" చాలా మంచి ప్రశ్న. త్రాసు బొమ్మకు ఉన్న హద్దును ఆమె సరిగ్గా వేలుపెట్టి చూపించింది. బొమ్మను అక్కడితో ఆపేశాను.

మూడోది నాకు ఇష్టమైన దారి, కథ చెప్పడం. సమాన గుర్తు ఎలా పుట్టిందో తరగతి మొత్తానికీ చెప్పాను. వేల్స్ దేశంలోని టెన్‌బీలో పుట్టిన రాబర్ట్ రెకార్డ్ వైద్యుడు, గణితంలోనూ దిట్ట. లాటిన్ రాని మామూలు జనం కోసం ఇంగ్లిష్‌లో గణిత పుస్తకాలు రాశాడు. 1557లో అచ్చయిన బీజగణిత పుస్తకంలో, "సమానం" అన్న మాటను పదే పదే రాయడం విసుగు కనుక ఒకే పొడవున్న రెండు సమాంతర రేఖలు గీస్తానని, ఏ రెండు వస్తువులూ అంతకంటే సమానంగా ఉండలేవని చెప్పాడు. ఆ రేఖలకు ఆయన వాడిన పాత ఇంగ్లిష్ మాటకు కవలలు అని అర్థం. మరుసటి ఏడు, 1558లో, లండన్‌లోని చెరసాలలో చనిపోయాడు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఇద్దరు చార్టు కూడా తయారుచేశారు. మా అమ్మాయి ఆ చార్టుకు రంగులు వేసింది. వేసి, పక్కనే ఉన్న కాగితం మీద డబ్బాలో 13 రాసింది.

దీని గురించి చాలా ఆలోచించాను. కథ పిల్లలకు ఒక మనిషినీ ఒక సంవత్సరాన్నీ ఇచ్చింది. కానీ ఆ మనిషికి ఆ గుర్తు ఎందుకు కావలసి వచ్చిందో వాళ్ల చేతికి తెలియలేదు. రెకార్డ్ ఆ మాటను వందలసార్లు రాసి విసిగినవాడు. మా పిల్లలు ఒక్కసారి కూడా రాయలేదు. విసుగు లేకుండా పరిష్కారం చెబితే అది అలంకారమే.

ఆ పాఠం పూర్తిగా వృథా కాలేదు. మధ్యలో ఒక అబ్బాయి లేచి "అంతకుముందు ఎలా రాసేవాళ్లు టీచర్?" అని అడిగాడు. అప్పుడు ఒక్క ముక్కలో జవాబిచ్చి కూర్చోబెట్టాను. రాత్రి ఇంటికొచ్చాక, వాళ్లతో చేయించాల్సింది అదేనని తోచింది.

పని చేసింది: గుర్తులు లేని పది రోజులు

పది రోజుల పాటు తరగతిలో గుర్తులన్నీ ఆపేశాను. కూడిక గుర్తు లేదు, తీసివేత గుర్తు లేదు, సమాన గుర్తు లేదు. ప్రతి లెక్కనూ తెలుగు వాక్యంగా రాయాలి. ఇది నేను కల్పించిన ఆట కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథమంతా మాటల్లోనే సాగుతుంది. అందులో ఒక్క గుర్తు కూడా ఉండదు. ఆ శాస్త్రానికి పాశ్చాత్య భాషల్లో ఉన్న పేరు ఆ గ్రంథం పేరులోని "అల్ జబ్ర్" నుంచే వచ్చింది. ఆ సంగతి పిల్లలకు చెప్పి, మనం కొన్నాళ్లు ఆ కాలంలో ఉందామన్నాను.

మొదటిరోజు మా అమ్మాయి రాసిన వాక్యాలు ఇవి: "ఏడుకు ఆరు కలిపితే పదమూడు వస్తుంది. పదమూడుకు నాలుగు కలిపితే పదిహేడు వస్తుంది." గుర్తుల్లో దాగి ఉన్న తప్పు మాటల్లోకి రాగానే పగటి వెలుగులో పడింది. ఇప్పుడు మేమిద్దరం ఒకే వస్తువును చూస్తూ మాట్లాడుకోవచ్చు. కాగితం మీద ఉన్న ప్రశ్నను ఆమె ముందు పెట్టి, "ఇందులో పదమూడు ఎక్కడ ఉంది, చూపించు" అన్నాను. వెతికింది. లేదు అంది. "జవాబు చెప్పకుండా, అటుదీ ఇటుదీ సమానమని మాత్రమే చెప్పాలంటే మీ ఇంట్లో ఎలా అంటారు?" అని అడిగాను.

రెండు రోజులు జవాబు రాలేదు. నేను చెప్పేయాలని చాలాసార్లు అనిపించింది. ఆగాను. మాట నాది అయితే అది ఇంకో నియమం అవుతుంది, అంతకుమించి ఏమీ కాదు.

మూడోరోజు మధ్యాహ్న భోజనం అయ్యాక తనే వచ్చింది. వాళ్ల తమ్ముడికి జబ్బు చేసినప్పుడు మేడారం మొక్కు మొక్కుకున్నారట. జాతరకు ముందు ఇంటి ముందర వేపచెట్టుకు పెద్ద తక్కెడ కట్టి ఒక పక్క తమ్ముణ్ణి కూర్చోబెట్టారు, ఇంకో పక్క బెల్లం పెట్టారు. మా వైపు చదువరులకు చెప్పనక్కర్లేదు, సమ్మక్క సారలమ్మల మొక్కులో బెల్లాన్ని బంగారమనే అంటారు. "ఎన్ని కిలోలో ఎవరూ చూడలేదు టీచర్. తమ్ముడు ఎంతో బంగారం అంతే" అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. ఇందులో అంకె లేదు, జవాబు లేదు, దిశ లేదు. బంగారం ఎంతో తమ్ముడు అంతే అన్నా అర్థం మారదు. పుస్తకంలోని త్రాసు బొమ్మ చేయలేని పని నిలువెత్తు బంగారం చేసింది. బొమ్మలో పడికట్టు రాళ్ల మీద అంకెలున్నాయి. అందుకే ఆ పిల్ల చూపు మళ్లీ అంకె మీదికే పోయింది. మొక్కు తక్కెడ మీద రెండు పక్కలా అంకె లేని వస్తువులే.

"మరి 7 + 6 సంగతి?" అన్నాను. పెన్సిలు తీసుకుని నిదానంగా రాసింది: "ఏడూ ఆరూ కలిసి ఎంతో, ఒక అంకె నాలుగుతో కలిసి అంతే." వాక్యం పూర్తికాకముందే "తొమ్మిది" అంది.

ఆరోజు నుంచి మా తరగతిలో ఆ గుర్తును "వస్తుంది" అని చదవడం మానేశాం. ఎడమది ఎంతో కుడిది అంతే అని చదువుతున్నాం. తెలుగులో ఎంతో అంతే, ఎక్కడో అక్కడే, ఎవరో వారే అనే జంట మాటలు పిల్లలకు పుట్టుకతో వచ్చినవి. సమీకరణానికి కావలసిన వాక్యం మన భాషలో సిద్ధంగా ఉంది, మనమే వాడుకోలేదు.

ఇక్కడ నాకొక పాత మాట గుర్తొచ్చింది. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలోనూ, అంతకుముందు గణితంలోనూ తెలియని రాశికి వాడిన పేరు "యావత్తావత్". సంస్కృతంలో దాని అర్థం "ఎంతో అంత". కుదించి "యా" అని రాసేవారు. తెలియని రాశులు ఇంకా ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టేవారు. ఒట్టి సంఖ్యకు రూపం అని పేరు, గుర్తుగా "రూ". ఈ వ్యాసంలో "య" వాడటానికి కారణం ఇదే. తరగతిలో కూడా రెండో వారం "య"తోనే చేయించాను.

పాత రాతప్రతుల్లో సమాన గుర్తు లేదు. సమీకరణం రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి రాసేవారు. రుణ సంఖ్య అయితే దాని నెత్తిన చుక్క. 5య − 4 = 3య + 10 అన్నదాన్ని ఆ పద్ధతిలో నల్లబల్ల మీద ఇలా రాశాను, చుక్క బదులు మాటే వేసి:

యా 5    రూ 4 తక్కువ
యా 3    రూ 10

ఈ రాత ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 5య నుంచి 4 తీసేసి 1య అనే తప్పు ఇక్కడ చేయడమే కష్టం. "యా" నిలువు వరుస వేరు, "రూ" నిలువు వరుస వేరు. అమ్మాయి "రూ" అంటే రూపాయలనుకుంది. అది రూపమని చెప్పాను, కానీ ఆమె ఊహను చెదరగొట్టలేదు, ఎందుకంటే అది పనికొచ్చే ఊహ. "అయితే ఈ వరుస బిస్కట్ ప్యాకెట్లు, ఆ వరుస రూపాయలు" అంది. ఐదు ప్యాకెట్ల ధరకు నాలుగు రూపాయలు తక్కువ ఎంతో, మూడు ప్యాకెట్ల ధరకు పది రూపాయలు ఎక్కువ అంతే. పై వరుసలో రెండు ప్యాకెట్లు ఎక్కువున్నాయి, కింది వరుసలో పద్నాలుగు రూపాయలు ఎక్కువున్నాయి. ప్యాకెట్ ఏడు రూపాయలు. ఖాతా పుస్తకం చూసినట్టు చూసి చెప్పేసింది. రూపాల భేదాన్ని అవ్యక్తాల (తెలియని రాశుల) భేదంతో భాగించమని బ్రహ్మగుప్తుడు 628లో ఇచ్చిన సూత్రం ఇదే. ఆమెకు సూత్రం చెప్పలేదు, చేసి చూపించింది ఆమే.

"తక్కువ" అన్న మాటను కావాలనే వాడాను. పళ్లెంలో తీసేసిన బరువు ఎక్కడ పెట్టాలని ఆమె అడిగిన ప్రశ్న నా మీద బాకీగా ఉంది. దానికి జవాబు కూడా గుర్తుల పుట్టుకలోనే దొరికింది. కూడిక, తీసివేత గుర్తులు అచ్చులో మొదట కనిపించేది 1489లో లైప్జిగ్‌లో యోహానెస్ విడ్మన్ ప్రచురించిన వర్తక గణిత పుస్తకంలో. అందులో అవి మొదట కలపమని, తీసేయమని చెప్పే ఆజ్ఞలు కావు. అంజూర పళ్ల పీపాల బరువుల లెక్క ఒకటి ఉంది. 4 + 5 అని, 4 − 17 అని బరువులు వరుసగా రాసి ఉంటాయి. మొదటిది 4 సెంట్నర్ల (పౌండు కంటే పెద్దదైన పాత జర్మన్ తూకం) మీద 5 పౌండ్లు ఎక్కువ, రెండోది 4 సెంట్నర్లకు 17 పౌండ్లు తక్కువ. అంటే ఆ గుర్తు ఒక స్థితిని చెబుతోంది. ఇది చెప్పగానే కిరాణా పిల్ల మొహం వెలిగింది. వాళ్ల అమ్మ సరుకు దించుకునేటప్పుడు బస్తా తూచి, ఎంత ఎక్కువో ఎంత తక్కువో పక్కన రాసుకుంటుందట. మన పుస్తకాల్లో ఉన్న ధన, రుణ అన్న పేర్లు బ్రహ్మగుప్తుడి ఆస్తి, అప్పులే. ఉద్దెర ఖాతా రాసే ఇంట్లో రుణమంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా వదిలేశాను. బక్షాలీ అనే ఊళ్లో దొరికిన పాత గణిత రాతప్రతిలో రుణ సంఖ్య పక్కన వేసిన గుర్తు అచ్చంగా నేటి కూడిక గుర్తులా ఉంటుంది. నాకు ఎంతో ఇష్టమైన విషయం, నాలిక చివరి దాకా వచ్చింది. కానీ అప్పుడే స్థిరపడుతున్న అర్థాన్ని అది కుదిపేస్తుందనిపించింది. రెండు నెలల తర్వాత చెప్పాను.

గుర్తును తిరిగి తేవడం

పది రోజులు వాక్యాలు రాశాక పిల్లలే గొణగడం మొదలుపెట్టారు, చెయ్యి నొప్పి పుడుతోందని. నేను ఎదురుచూసింది ఆ గొణుగుడు కోసమే. "అయితే ఎంతో అంతే అన్నదానికి మీకు మీరే ఒక గుర్తు పెట్టుకోండి" అన్నాను. ఒకరు "అం" అని రాశారు. ఒకరు సున్నా చుట్టారు. మా అమ్మాయి బాణం గీసింది. ఆమె మనసులో "వస్తుంది" ఇంకా పూర్తిగా పోలేదని ఆ బాణం చెప్పింది. నేను ఏమీ అనలేదు. పక్కనున్న పిల్ల నోటు పుస్తకాన్ని తిప్పి, "ఇటునుంచి చూస్తే బాణం వెనక్కి పోతోంది, బంగారం ఎంతో తమ్ముడు అంతే అనడం ఎలా?" అంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసినా మారకూడదని ఒప్పందానికి వచ్చారు. బాణానికి ఉన్న మొన రెండు పక్కలా చెరిపేశాక ఒక్క గీత మిగిలింది. అది తీసివేత గుర్తని పక్కపిల్ల అంటే దాని కింద ఇంకో గీత గీసింది.

నాలుగు వారాల కిందట రంగులు వేసిన చార్టు గోడ మీదే ఉంది. అప్పుడు తలెత్తి చూసింది.

రెకార్డ్ గుర్తు వెంటనే గెలవలేదని కూడా చెప్పాను. 1557 తర్వాత అది అచ్చులో మళ్లీ కనిపించింది 1618లోనే. జర్మన్ పండితుడు జైలాండర్ 1575లో రెండు నిలువు గీతలు వాడాడు. ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ 1637లో వేరే గుర్తు వాడాడు. పిల్లల "అం", సున్నా తప్పులు కావని, ఒప్పందం కుదరని గుర్తులని వాళ్లకు తెలియాలి. చివరికి రెకార్డ్ పుస్తకంలోని మొదటి సమీకరణాన్ని బల్ల మీద రాశాను: 14య + 15 = 71. "యా పద్నాలుగు, పదిహేను ఎక్కువ ఎంతో, డెబ్బై ఒకటి అంతే" అని చదివి, ఆమె 4 అని చెప్పింది. తర్వాత అడగకుండానే 4ను వెనక్కి పెట్టి సరిచూసింది. సరిచూడమని మూడేళ్లుగా చెబుతున్నాను. అది చేయాలని తనకు తానుగా అనిపించడం నేను చూసింది అదే మొదటిసారి.

ఫలితం, నేర్చుకున్నది

నెల తర్వాత మొదటి మూడు వరుసలనే అంకెలు మార్చి ఇచ్చాను. మూడూ సరిగ్గా చేసింది. "8 = 8"లాంటి దాని పక్కన "నిజమే" అని రాసింది. రెండు పక్కలా "య" ఉన్న ఐదు లెక్కల్లో నాలుగు వచ్చాయి. పోయినదాంట్లో తప్పు భిన్నాల దగ్గర జరిగింది, గుర్తు దగ్గర కాదు. గొలుసులు మాత్రం పూర్తిగా పోలేదు. తొందరలో ఉన్నప్పుడు, ముఖ్యంగా కొట్లో చీటీ మీద, ఇప్పటికీ గొలుసుగానే రాస్తుంది. చీటీ మీద రాసినదాన్ని దిద్దడం లేదు. అది ఆమె పనిముట్టు. నోటు పుస్తకంలో మాత్రం ఒక్కో సమానత్వానికి ఒక్కో వరుస అడుగుతున్నాను.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి కొన్ని ఉన్నాయి. ఆరో తరగతిలో మొదటి నెలలోనే 13 = 7 + 6, 7 + 6 = 9 + 4 లాంటివి ఇస్తున్నాను. జవాబు ఎప్పుడూ కుడి పక్కనే ఉంటే పిల్లలు దాన్నే గుర్తు అర్థంగా తీసుకుంటారు. సరైన జవాబుకు దారితీసిన గొలుసుకు మార్కు తీయను, కానీ పక్కన "20 ఎంతో 15 అంతేనా?" అని రాస్తాను. గుర్తు పుట్టుక కథను దాని అవసరం చేతికి తెలిశాకే చెబుతాను. ముందు చెబితే అది సామాన్య శాస్త్రం క్విజ్‌లో పనికొచ్చే ముక్క అవుతుంది. అదే కథ పది రోజుల చెయ్యినొప్పి తర్వాత చెబితే తమ పనిని ఇంకెవరో ముందే చేసినట్టు వింటారు. ఈ పద్ధతికి సమయం పడుతుంది. నాకు అధ్యాయం తొమ్మిది పీరియడ్లు వెనకబడింది. గుణకారం అధ్యాయంలో సాధన తగ్గించి దాన్ని సర్దుకున్నాను. అది సరైన నిర్ణయమో కాదో ఆ తరగతి తొమ్మిదికి వెళ్లాక గాని నేను చెప్పలేను.

గుణకార గుర్తు మీద కూడా ఇలాంటి పని చేయాలని ఉంది. ఇంగ్లిష్ గణితవేత్త ఆట్రెడ్ 1631లో వాడిన ఆ గుర్తును తెలియని రాశికి వాడే ఇంగ్లిష్ అక్షరంతో పొరబడతారని జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ 1698లో ఒక ఉత్తరంలో అభ్యంతరం చెప్పి, చుక్క చాలన్నాడు. మా తరగతిలో ఇద్దరు పిల్లలు ఇప్పుడు సరిగ్గా అక్కడే పొరబడుతున్నారు.

ఏడాది చివర సర్వసమీకరణాలు వచ్చాయి. (య + 1)² = య² + 2య + 1 అని బల్ల మీద రాశాను. మా అమ్మాయి, ఇప్పుడు రెండో బెంచీలో కూర్చుంటుంది, చెయ్యెత్తింది. "టీచర్, ఇది ఒక్క యకే అంతేనా, ఏ యకైనా అంతేనా?" అని అడిగింది. ఏ యకైనా అంతే అన్నాను. "మరి గుర్తు అదే పెట్టారేం?" అంది. సుద్దముక్క తీసుకుని ఆ రెండు గీతల కింద మూడో గీత గీశాను.